అద్దాలు తొలగిన కన్ను

కళ్ళద్దాలు మానాలన్న కోరికతో నేటి యువతీయువకులు లేజరు చికిత్సను ఆశ్రయిస్తున్నారు. మద్రాసులో జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో అమెరికాలో సహచరులతో కలిసి చేసిన ఎగ్జైమర్ లేజరు పరిశోధనయే దీనికి మూలం. ఇది హర్షణీయమే. కాని చికిత్సతో మన బాధ్యత ముగియదని నా మనవి.

లాసిక్ పద్ధతిలో నల్లగుడ్డు మీది పారదర్శక పటలాన్ని పలుచని పొరగా కోసి, మడచి, లోపల లేజరుతో సవరించి, కుట్లు లేకుండానే మరల కప్పుతారు. ఆ పొరకు పూర్వపు దృఢత్వం పూర్తిగా రాదు. సంవత్సరాల తరువాత కూడ దెబ్బ తగిలి అది జరిగిన సందర్భాలున్నాయి. పైగా ఇంతకాలం కవచమై నిలిచిన అద్దాలు ఇక ఉండవు.

మన దర్శి ప్రాంతంలో పత్తికట్టె కొస చాలు, క్రికెట్ బంతి చాలు, చంటిబిడ్డ వేలిగోరు చాలు. మిరపఘాటుకు కన్ను నలుపుకోవడం మన అలవాటు. దానిని మానాలి.

కారమో, పురుగుమందో పడితే వెంటనే మంచినీటితో ధారగా కడగాలి. దెబ్బ తగిలితే నలపరాదు, అదిమి కట్టు కట్టరాదు. ఆకుపసరు పోయరాదు. వైద్యుడు చెప్పని స్టెరాయిడు చుక్కలు వేయరాదు. మొక్క గీసిన గాయంలో బూజు చేరితే, ఆ చుక్కలు దానిని పెంచుతాయి. కంటికి తగలని గట్టి డొప్పతో కప్పి, ఆ రోజే కంటి వైద్యుని చేరి, లాసిక్ జరిగిందని ముందుగా చెప్పాలి. జరిగిన పొరను త్వరగా సర్దితే చూపు దక్కే అవకాశం ఎక్కువ.

కళాశాల కమిటీవారు ప్రథమచికిత్స పెట్టెలో కంటిడొప్పను, ఆటస్థలంలో రక్షణ అద్దాలను ఏర్పాటు చేయాలని ప్రార్థన. విద్యార్థులారా, చదువు చూపు మీద ఆధారపడినది. కొనుక్కున్న చూపును కాపాడుకొనుట కూడ విద్యయే.