తెరలు పెరిగితే లాభాలు పెరగవు

ఒకప్పుడు షేర్ల వ్యాపారం బొంబాయి, మద్రాసు, హైదరాబాదు వంటి నగరాలకే పరిమితం. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటర్ల ద్వారా వ్యాపారం ప్రారంభించింది. తర్వాత ఇంటర్నెట్ పల్లెలకూ చేరింది. నేడు డిగ్రీ చదివి ఇంటిపట్టున వున్న యువకులు కొందరు ఉదయం 9-15 నుంచి మధ్యాహ్నం 3-30 వరకు కంప్యూటరు ముందే గడుపుతున్నారు. ఇందులో తప్పులేదు. అయితే నాలుగు తెరలు, ఖరీదైన కంప్యూటరు వుంటేనే లాభం వస్తుందన్న భ్రమ ప్రబలడం విచారకరం. పంట అమ్మిన సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము ఈ హంగులకే ఖర్చయిపోతే ఇక వ్యాపారానికి మిగిలేదేమిటి?

ఆర్డరు జతపడేది ఇంట్లోని పెట్టెలో కాదు, ఎక్స్ఛేంజి కంప్యూటర్లలో. పెద్ద కంపెనీలు తమ యంత్రాలను ఎక్స్ఛేంజి ఆవరణలోనే అద్దెకు పెట్టుకుంటాయి. ఆ వేగాన్ని ఇంట్లో ఎంత ఖరీదైన కంప్యూటరైనా అందుకోలేదు. కాబట్టి పోటీ వేగంలో కాదు, నిదానంలో.

గ్రాఫులు చూడడానికి మధ్యరకం ప్రాసెసరు, 16 జి.బి. ర్యామ్, ఎస్.ఎస్.డి. సరిపోతాయి. వీడియో ఆటలకు వాడే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. కొనేముందు పెట్టె వెనుక మానిటర్లు తగిలించే రంధ్రాలు ఎన్ని వున్నాయో, ఒకేసారి ఎన్ని తెరలు పనిచేస్తాయో దుకాణదారుచేత చూపించుకోవాలి. ఒక తెర మీద గ్రాఫు, మరో తెర మీద ఆర్డర్లు వుంటే చాలు. పాత కంప్యూటరు చౌకగా వస్తోందని తొందరపడరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా వర్తించదు.

పల్లెల్లో అసలు సమస్య కరెంటు. షేరు కొన్న మరుక్షణం కరెంటు పోతే నాలుగు తెరలూ ఒకేసారి ఆరిపోతాయి. మూడో మానిటరుకు పెట్టే డబ్బుతో మంచి యు.పి.యస్. కొనడం వివేకం. ఇంటర్నెట్ రౌటరును కూడా దానికే తగిలించాలి. తీగ తెగినా పని ఆగకుండా సెల్‌ఫోనులో వేరొక కంపెనీ డేటా, బ్రోకరు యాప్ సిద్ధంగా వుంచుకోవాలి.

అన్నింటికీ మించిన మాట మరొకటుంది. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారు. వారి మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటింది. ఇంతమంది నష్టపోయింది కంప్యూటర్లు లేక కాదు.

విత్తనం కొనేముందు నేలను చూసుకునే రైతుబిడ్డ ఇక్కడా ముందు తన నేలను చూసుకోవాలి. కొన్ని నెలలు డబ్బు పెట్టకుండా కాగితం మీద లెక్క రాసుకుని సాధన చేయాలి. ఆ లెక్కలో లాభం కనిపించకపోతే తెరలు ఎన్ని పెంచినా ఫలితం శూన్యం. పిల్లవాడు కంప్యూటరుకు డబ్బు అడిగినప్పుడు తల్లిదండ్రులు ముందు ఆ లెక్కల పుస్తకం చూపించమని అడగడం ఎంతైనా అవసరం.