సమాధానము

గత సంచికలో ఈ శీర్షిక క్రింద రక్తపోటును గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన ఒక సహోద్యోగి మమ్ములను క్యాంటీనులో ఆపి, "ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు, బాగానే ఉన్నది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తిరిగి నిద్ర పట్టనివాని సంగతి వ్రాయలేదేమి?" అని అడిగారు. ఆ ప్రశ్న మాకు సూటిగా తగిలినది. ఎందుచేతనంటే, ఆ రెండు గంటల మెలకువను మేము పదునాలుగు నెలలు అనుభవించాము. ఇంతవరకు దానిని గురించి వ్రాయకపోవుటకు కారణము సిగ్గు. ఈ నెల ఆ సిగ్గును ప్రక్కన పెట్టుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట, అప్పుడు మేము పనిచేయుచున్న చోట, వార్షిక మరమ్మతుల సమయములో ఒక కాంట్రాక్టు కార్మికుని కుడిచేతి వ్రేళ్ళు రెండు కన్వేయరు వద్ద నలిగిపోయినవి. పనికి అనుమతి ఇచ్చిన పర్మిటు మీద సంతకము మాది. విచారణలో మా లోపమేమీ లేదని తేలినది. కాగితము మమ్ములను విడిచిపెట్టినది గాని, మనస్సు విడిచిపెట్టలేదు. మేమే స్వయముగా ఇంకొకసారి వెళ్ళి చూచియుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ప్రతి రాత్రి వచ్చేది. పగలు చిరాకు, ఇంటిలో మౌనము, ఫోను మ్రోగితే గుండెదడ. డాక్టరుగారు పరీక్షించి, ఇది ఆందోళన అని చెప్పి కొంతకాలము మందు ఇచ్చారు. మందు వలన నిద్ర వచ్చినది. నెమ్మది రాలేదు.

అప్పుడు మా నివాసము రాయపూరులోని మోవాలో. పండరి దాటి రైల్వే వంతెన ఎక్కి దిగితే వచ్చే ప్రాంతమది. 1931లో విజయనగరము - రాయపూరు రైలుమార్గము పూర్తి అయిన నాటి నుండి ఉత్తరాంధ్రవారికి రాయపూరు పరాయి ఊరు కాదు. 1950 దశకములో భిలాయి ఉక్కు కర్మాగారము వచ్చిన పిమ్మట ఆ దారి ఇంకను దగ్గరైనది. మా వీధి ప్రక్కన ఉన్న కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబములవారు ఆదివారము ఉదయము హిందీ ఆరాధనకు వెళ్ళినా, సాయంత్రము ఒకరి ఇంట చేరి తెలుగులో ప్రార్థన చేసుకునేవారు. కష్టము చెప్పుకొనుటకు మాతృభాష కావలెను గదా! ఒక ఆదివారము మా శ్రీమతి మమ్ములను బలవంతముగా అక్కడకు తీసుకొని వెళ్ళినది.

పది పన్నెండు మంది చాపల మీద కూర్చున్నారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు రెండు హార్మోనియము మీద పాడారు. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన ఆ కవి కీర్తనలు తెలుగు క్రైస్తవుల ఇండ్లలో నేటికీ వినిపించుచున్నవి. తరువాత మమ్ములను ప్రార్థించమన్నారు. మేము కళ్ళు మూసుకొని, ఫలానా తేదీన ఫలానా సమయమున నిబంధనల ప్రకారము పర్మిటు జారీ చేయబడినదని మొదలుపెట్టి, ఐదు నిమిషములు చెప్పాము.

కూటము ముగిసిన పిమ్మట, రైల్వేలో పనిచేసి గతించిన ఒకరి భార్య, ఎనభై ఏండ్ల వృద్ధురాలు, మా చేయి పట్టుకొని, "బాబూ, నువ్వు దేవుడికి రిపోర్టు రాసిస్తున్నావు. ఆయన ఎంక్వయిరీ ఆఫీసరు కాదు నాయనా. నొప్పి ఎక్కడో చెప్పు" అన్నారు.

ఆ మాట ఆ వారమంతా మాతోనే ఉన్నది. బైబిలు తీసి కీర్తనల గ్రంథము చదివాము. అందులోని 150 కీర్తనలలో చాలా భాగము మొరలే. 88వ కీర్తన చివరి వరకు చీకటిలోనే సాగి, ఓదార్పు లేకుండగనే ముగియును. అయినను దానిని తీసివేయక ప్రార్థనలలోనే నిలిపారు. గెత్సేమనే తోటలో యేసుప్రభువు సైతము తన భయమును దాచుకొనలేదు. రాబోవు శ్రమ తప్పిపోవలెనని వేడుకొన్నాడు. అది తప్పలేదు. ప్రార్థన ముగించి, లేచి దానికి ఎదురు వెళ్ళాడు. భయము లేకుండుట విశ్వాసమని అంతవరకు అనుకొనియుంటిమి. భయమును దాచకుండ దేవుని ఎదుట పెట్టుటయే విశ్వాసమని అప్పుడు తెలిసినది.

మరుసటి ఆదివారము మా ప్రార్థన రెండు మాటలే. "భయముగా ఉన్నది. ఆ మనిషి ముఖము చూడలేకపోవుచున్నాము." ఎవరూ సలహా ఇవ్వలేదు. కొంతసేపు అందరూ మౌనముగా ఉన్నారు. ఆ రాత్రి కూడ రెండు గంటలకు మెలకువ వచ్చినది. కాని ఈసారి పర్మిటు కళ్ళ ముందుకు రాలేదు. అన్ని నెలలలో ఆ కార్మికుని ఇంటికి ఒక్కసారియైనను వెళ్ళలేదన్న సంగతి తోచినది.

వెళ్ళాము. "సాబ్, ఇన్నాళ్ళూ రాలేదేం?" అని అతడు అడిగాడు. మా వద్ద జవాబు లేదు. అతని నష్టపరిహారపు కాగితములు ఒక ధ్రువపత్రము లేక నిలిచిపోయియున్నవి. కాగితముల పని మాకు తెలిసిన పని. రెండు నెలలు తిరిగి పూర్తి చేయించాము. వ్రేళ్ళు తిరిగి రావు. ఆ బాధ ఈనాటికీ ఉన్నది. కాని రాత్రి రెండు గంటల మెలకువ క్రమముగా తగ్గినది.

తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట "సమాధానము". నిత్యవ్యవహారములో ఆ మాటకు జవాబు అని అర్థము. చెరలో ఉండి ఫిలిప్పీయులకు పత్రిక వ్రాసిన పౌలు, 4వ అధ్యాయములో, చింతలను ప్రార్థనగా మార్చి దేవునికి తెలిపినవారికి సమాధానము కలుగునని చెప్పాడు. మేము జవాబు అను సమాధానము కొరకు వెళ్ళాము. ఆ ప్రమాదము ఎందుకు జరిగినదన్న ప్రశ్నకు నేటికీ జవాబు దొరకలేదు. రెండవ సమాధానము దొరికినది.

మన వృత్తిలో దీనికి దగ్గరైనది షిఫ్టు అప్పగింత. షిఫ్టు దిగునప్పుడు ఏ పంపు వేడెక్కుచున్నదో, ఏ పని మిగిలియున్నదో లాగ్‌బుక్కులో దాచకుండ వ్రాసి, సంతకము చేసి ఇంటికి వెళ్ళుదుము. యంత్రము ఆగదు. చూచుకొనువారు వేరొకరు ఉన్నారు. రాత్రి ప్రార్థన మాకు అటువంటి అప్పగింత. తప్పులు దాచి అప్పగించుట అప్పగింత కాదు. తెల్లవారి మన షిఫ్టు మనము తిరిగి ఎక్కవలసినదే.

ఏది మన పని, ఏది కాదు అన్నది తెలిసికొనుట ఇందులో కష్టమైన భాగము. మార్చలేనిదానిని ఒప్పుకొను నెమ్మదిని, మార్చదగినదానిని మార్చు ధైర్యమును, ఆ రెంటి భేదము ఎరుగు వివేకమును కోరు ఒక చిన్న ప్రార్థన లోకప్రసిద్ధము. అది అమెరికా వేదాంతి రైన్‌హోల్డ్ నీబూర్ పేర చెలామణిలో ఉన్నది. ఆయన పెరిగిన జర్మను ఎవాంజెలికల్ సంఘమునకును ఛత్తీస్‌గఢ్‌కును పాత సంబంధమున్నది. ఆ సంప్రదాయమునకు చెందిన ఆస్కార్ లోర్ 1868లో ఇక్కడ బిశ్రాంపూరు గ్రామమును స్థాపించాడు. బిశ్రాంపూరు అనగా విశ్రాంతి పురము.

ఇంజనీరులము గనుక కొలతల మాట కూడ చెప్పుదుము. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందము 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించగా, జపమాల ప్రార్థన గాని మంత్రము గాని పఠించునప్పుడు శ్వాస నిమిషమునకు 6 సార్లకు నెమ్మదించి, గుండె లయ కుదుటపడుట కనిపించినది. అటువంటి జపము దేహమునకు మేలు చేయవచ్చును. ఇక 2006లో అమెరికాలో 1,802 మంది బైపాసు రోగులపై జరిగిన పరిశీలనలో, ఇతరులు చేసిన ప్రార్థన వలన శస్త్రచికిత్సానంతర ఇబ్బందులు తగ్గలేదని తేలినది. దీనిని దాచవలసిన పని లేదు. ప్రార్థన మీట నొక్కితే తిరుగు యంత్రము కాదు.

కావున ప్రార్థించువారు డాక్టరును మానవలదు. మాకు రెండును తోడ్పడినవి. ఆందోళన అధికమైనచో 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును.

మాది క్రైస్తవ మార్గము గనుక దానిని గురించి వ్రాశాము. మీ మార్గము మీది. ఏ మార్గమైనను, ఈ రాత్రి పడుకొనుటకు ముందు దేవునికి రిపోర్టు వ్రాయవద్దు. నొప్పి ఎక్కడో చెప్పండి. చెప్పిన పిమ్మట, ఎవరి ఇంటికైనా వెళ్ళవలసియున్నదని తోచినచో, రేపే వెళ్ళండి. మావలె పదునాలుగు నెలలు ఆగవద్దు.