పిల్లల్ని ఎవరికి అప్పగించారు?

జనవరి రాగానే పనిలో చిక్కిన పిల్లల్ని పోలీసులు రక్షించే ఆపరేషన్ స్మైల్ మొదలవుతుంది. ఈ వారం ఏ జిల్లా పేజీ తిప్పినా అదే ఫొటో. వరుసగా నిలబెట్టిన పిల్లలు, వెనకాల పోలీసు అధికారులు, పక్కన బాలల సంరక్షణ సిబ్బంది, పిల్లల చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లు. కింద నాలుగు ముక్కల వార్త. ఇన్ని చోట్ల తనిఖీలు చేశాం, ఇంతమందిని రక్షించాం, కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించాం అని. ఆ చివరి మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతోంది. ఇటుక బట్టీలో దొరికిన పిల్లను తల్లిదండ్రులకు అప్పగించడమంటే ఎక్కడికి పంపినట్టు? ఆ తల్లిదండ్రులున్నది ఆ బట్టీలోనే. పొద్దున జీపు ఎక్కిన చోటే సాయంత్రం దిగుతుంది ఆ పిల్ల.

ఈ దాడులు అక్కర్లేదని నేను అనను. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లా ఇటుక బట్టీల నుంచి దాదాపు 200 మంది ఒడిశా పిల్లల్ని బయటికి తెచ్చారు. నాలుగేళ్లు, అయిదేళ్లు ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. హైదరాబాద్ చుట్టూ గోడలు లేస్తున్నది ఎవరి చేతులతోనో ఆ ఒక్క రోజైనా ఊరంతటికీ తెలిసింది. కానీ పిల్లను లెక్కపెట్టి, ఆ పిల్ల పక్కనే మట్టి తొక్కుతున్న తల్లిని లెక్కపెట్టకుండా వచ్చేస్తే అది సగం పనే. బాల కార్మికురాలు దొరికిన బట్టీలో ఆమె అమ్మానాన్నలు ఏ పరిస్థితిలో ఉన్నారో అడగాల్సిన బాధ్యత ఎవరిది? పోలీసులను అడిగితే కార్మిక శాఖ అంటారు. కార్మిక శాఖను అడిగితే రెవెన్యూ అంటారు.

ఈ వ్యవహారం నడిచే తీరు తెలియనిదేమీ కాదు. పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపాడా, కాలాహండి జిల్లాల్లో కోతలకు ముందు, నువాఖాయి పండగ రోజుల్లో, చేతిలో డబ్బు ఆడదు. అప్పుడొస్తాడు సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి. ఇంటికి ఇంత అని అడ్వాన్సు ఇస్తాడు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్లో పిల్లాడో, ముగ్గురూ కలిసి ఒక లెక్క. దానికి అక్కడివాళ్లు పథురియా అని పేరు పెట్టుకున్నారు. ఆ లెక్కలో మూడో మనిషి పిల్ల అని సర్దార్‌కీ తెలుసు, యజమానికీ తెలుసు. పండగ ఖర్చుకో, జబ్బుకో, కూతురి పెళ్లికో ఆ డబ్బు వారంలో అయిపోతుంది. నవంబరు కల్లా రైల్లో కుక్కి తెస్తారు. రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి, ఎక్కడ దించితే అక్కడ. తొలకరి పడేదాకా, అంటే జూన్ దాకా, కదలడానికి లేదు. మధ్యలో కూలి ఇవ్వరు, తిండి ఖర్చులకని వారానికింత చేతిలో పెడతారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క కట్టి, అడ్వాన్సు తీసేసి, తిండి ఖర్చులు తీసేసి, వానకు కరిగిపోయిన పచ్చి ఇటుకలు తీసేసి, ఏమైనా మిగిలితే సీజన్ చివర్లో చెల్లిస్తారు. మిగలకపోతే వచ్చే ఏడు మళ్లీ రావాలి. ఆ లెక్కల పుస్తకం బట్టీ గుమాస్తా అయిన మున్షీ జేబులో ఉంటుంది. అందులో ఏం రాశారో చదవగల మనిషి ఆ గుడిసెల్లో ఒక్కరు కూడా ఉండరు.

ఊరి శివారులో ఒక బట్టీకి నేను వెళ్లినప్పుడు పిల్లలు చేసే పని ఏమిటో కళ్లారా చూశాను. తండ్రి అచ్చులో మట్టి కొట్టి నేల మీద బోర్లిస్తాడు. ఆ పచ్చి ఇటుకలు ఒక పక్క ఆరాక రెండో పక్కకు తిప్పాలి. వరుసకీ వరుసకీ మధ్య జాగా జానెడు. పెద్దవాళ్లు కాలు పెడితే అంచులు చెదురుతాయి. ఆరేడేళ్ల పిల్ల మాత్రం ఆ సందులో మునివేళ్ల మీద నడుస్తూ, వంగి, రెండు చేతులతో ఒక్కో ఇటుకనూ తిరగేస్తూ పోతోంది. ఆమె కాలి కింద ఒక్క ఇటుకా చెదరలేదు. బరువు లేకపోవడమే ఆ పిల్లకున్న అర్హత. కుటుంబమంతా చీకటితోనే మొదలుపెట్టి రోజుకు వెయ్యి తగ్గకుండా కొడితే తప్ప అప్పు తెగదు. వాళ్లుండే గుడిసెలు కూడా వాళ్లు చేసిన ఇటుకలవే. మట్టి మెత్తకుండా పేర్చిన గోడలు, పైన రేకు. లోపలికి పాకుతూ వెళ్లాలి.

ఈ మాట ఎత్తగానే ఎదురయ్యే జవాబు ఒకటుంది. ఎవరూ కట్టేసి తేలేదు, డబ్బు తీసుకుని ఇష్టపడే వచ్చారు కదా అని. చదువుకున్నవాళ్లే ఇలా అంటారు. మన చట్టాలు ఈ వాదనను ఎప్పుడో కొట్టేశాయి. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ ఒకే వాక్యంలో పెట్టి నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనన్నది ఆ తీర్పు సారం. నిర్భయ ఘటన తర్వాత వర్మ కమిటీ సిఫారసులతో 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షన్ మార్చినప్పుడు, మోసంతోనో ఆశపెట్టో బెదిరించో తెచ్చిన మనిషి ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని స్పష్టంగా రాశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. అయినా మనలో ఎక్కువమందికి మనుషుల అక్రమ రవాణా అంటే వ్యభిచార గృహమే గుర్తుకొస్తుంది. సినిమాలు చూపించింది అదే, టీవీలు చూపించేది అదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 నివేదికలో బలవంతపు చాకిరీలో ఉన్నవారు ప్రపంచవ్యాప్తంగా 2.76 కోట్లు. లైంగిక వ్యాపారంలో నలుగుతున్నవారు అందులో 63 లక్షలు. వాళ్ల బాధ చిన్నదని ఎవరూ అనరు. మిగతా రెండు కోట్ల పైచిలుకు మంది ఎవరి కంటికీ ఆనడం లేదన్నదే నా గోడు. పొలాల్లో, బట్టీల్లో, ఇళ్లల్లో, పడవల మీద పనిచేస్తున్న వీళ్లను మనం కూలీలంటాం, ఊరుకుంటాం.

మనవాళ్లు చిక్కుకున్నప్పుడు మాత్రం మనకు అన్నీ అర్థమవుతాయి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కంబోడియా ఏజెంట్ల గుట్టు విప్పినప్పుడు ఉత్తరాంధ్ర అంతా కదిలింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన కుర్రాళ్ల కథ విని కన్నీళ్లు పెట్టుకున్నాం. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల స్థావరాల నుంచి బయటపడిన 549 మందిని వాయుసేన విమానాల్లో దేశానికి తెచ్చారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. విమానాలు పంపడం నూటికి నూరుపాళ్లు సరైన పని. రాయచోటి నుంచో కోనసీమ నుంచో గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఏడుస్తూ పంపిన వీడియోలకు ఎంతమంది స్పందిస్తారో కూడా చూస్తున్నాం. ఆ కుర్రాళ్లు కూడా ఏజెంటుకు తామే డబ్బు కట్టి, సంతకం పెట్టి, నవ్వుతూ విమానం ఎక్కారు కదా. ఇష్టపడే వెళ్లారు కదా అని వాళ్లను ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. అదే న్యాయం బలంగీర్ నుంచి వచ్చినవాడికి ఎందుకు దక్కదు? వాడు ఒరియా మాట్లాడతాడనా, మన ఊరి చివర ఉంటాడనా?

మనకు ఈ బాధ కొత్త కూడా కాదు. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఏ డ్యామ్ దగ్గర అడిగినా తెలుసు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు తలవంచి, పిల్లల్ని చంకనేసుకుని, మహబూబ్‌నగర్ పల్లెలు పల్లెలుగా లేచిపోయిన రోజులు మన నాయకుల ప్రసంగాల్లో ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఆ తరం మనవళ్లలో కొందరు ఇవాళ మేస్త్రీలుగా, చిన్న కాంట్రాక్టర్లుగా ఇంకొకరి పిల్లలను తెచ్చి పని చేయిస్తున్నారు. 2013 డిసెంబరులో కాలాహండి నుంచి కొందరు కూలీలను దళారులు అడ్వాన్సు ఇచ్చి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు అని చెప్పి బయల్దేరదీశారు. దారిలో ఛత్తీస్‌గఢ్‌కు మళ్లించబోతే వాళ్లు రామన్నారు. తప్పించుకోలేక దొరికిన ఇద్దరి కుడి చేతులు నరికేశారు. ఆ అడ్వాన్సు మన బట్టీల పేరు మీద ఇచ్చిందే.

నేను ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాయక తప్పని విషయం విముక్తి పత్రం. ఒక్క కాగితం. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నాటిది. బట్టీలో మనుషులు వెట్టిలో ఉన్నారని తేలితే ఆర్డీవో గానీ కలెక్టర్ గానీ ఆ కాగితం రాసి చేతికివ్వాలి. అది చేతికొస్తే మూడు జరుగుతాయి. అడ్వాన్సు అప్పు చట్టప్రకారం చెల్లిపోతుంది. వెంటనే 30 వేల రూపాయల దాకా సాయం అందాలి. ఆ తర్వాత మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన స్థితిలో దొరికినవాళ్లకు మూడు లక్షల దాకా పునరావాసం. వెట్టి కాదని రుజువు చేసుకోవలసిన భారం కూడా యజమాని మీదే ఉంది. చట్టం ఇంత చక్కగా ఉంది. కానీ దాడి జరిగిన రోజు ఏం జరుగుతుంది? అధికారులు యజమానిని పిలిచి మాట్లాడతారు. కూలి బకాయి గొడవ అని పంచనామా రాస్తారు. తలా కాస్త డబ్బు ఇప్పించి, రైలు టికెట్లు కొనిపించి, బోగీ ఎక్కించి చేతులు దులుపుకుంటారు. వెట్టి అని రాస్తే తన జిల్లాలో వెట్టి ఉందని ఒప్పుకోవాలి. అది ఏ కలెక్టర్‌కూ ఇష్టం ఉండదు.

కాగితం లేకుండా ఇంటికి చేరిన కుటుంబం దగ్గరికి పది రోజుల్లో సర్దార్ వస్తాడు. నా అడ్వాన్సు ఏదిరా అంటాడు. అప్పు రద్దయిందని చూపించడానికి వాళ్ల దగ్గర ఏముంది? సొంత జిల్లా అధికారి దగ్గరికి సాయం కోసం వెళ్తే ఆయనా ఆ కాగితమే అడుగుతాడు. ఇక నువాఖాయికి మళ్లీ అడ్వాన్సు తీసుకోక చేసేదేముంది? కాగితం ఉన్నవాళ్లకైనా మిగతా డబ్బు అంత తేలిగ్గా రాదు, కేసు నడిచి వెట్టి రుజువు కావడంతో దాన్ని ముడిపెట్టారు. కేసు ఇక్కడ, కూలి అక్కడ. వాయిదాకు ఎవరొస్తారు? 2016లో మన హైదరాబాద్ నాయకుడే, బండారు దత్తాత్రేయ, కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 2030 నాటికి 1.84 కోట్ల మందిని వెట్టి నుంచి విడిపిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 1978 నుంచి ఇప్పటిదాకా పునరావాసం దక్కినవారంతా కలిపితే మూడు లక్షల పైచిలుకు. లక్ష్యానికీ లెక్కకూ మధ్య ఇంత దూరం ఉంటే ఆ ప్రకటనను మళ్లీ ఎవరూ ఎందుకు ఎత్తరో అర్థం చేసుకోవచ్చు.

ఇదే తెలుగు నేల మీద ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ అధికారి ఉండేవాడు. సాంఘిక సంక్షేమ శాఖ చూస్తున్న రోజుల్లో ఆయన పల్లెలకు వెళ్లి, జీతగాళ్ల పక్కన కూర్చుని, నీ అప్పు రద్దయింది, నువ్వు ఇక ఎవరికీ బాకీ లేవు అని చెప్పేవాడు. దొరలకు కోపం వస్తుందని ఆగలేదు. 2010లో పోయాడు. ఆయన పేరు తలిచి సభలు పెడుతున్నాం, దండలు వేస్తున్నాం. ఆయన చేసిన పనిని ఇవాళ్టి ఆర్డీవోలు ఎంతమంది చేస్తున్నారో ఆ సభల్లో ఒక్కరు అడగగా నేను వినలేదు.

పోలీసుల మాట పక్కన పెట్టి ప్రభుత్వం సొంత పని చూద్దాం. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షలు. లక్షల ఇళ్లు. పేదవాడికి గూడు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ ఇళ్ల మీద జరిగే ప్రతి సమీక్షలోనూ ఇసుక ధర, సిమెంటు ధర, ఇటుక ధర గురించే మాట. ఇటుక రేటు తగ్గించాలని అధికారులు బట్టీ యజమానులను పిలిచి మాట్లాడుతున్నారు. రేటు తగ్గిస్తే ఎవరి నోటి దగ్గరి కూడు తగ్గుతుందో ఆ గదిలో ఎవరూ అడగరు. యజమాని తన లాభం తగ్గించుకోడు. ఫ్లైయాష్ ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వచ్చాయంటారు. వచ్చాయి. అయినా మట్టి ఇటుక బట్టీల పొగ ఆగిందా? పేదవాడి ఇల్లు ఇంకో పేదవాడి పిల్ల వీపు వంచి కట్టకూడదు.

ఇందిరమ్మ ఇంటి బిల్లు రావాలంటే పునాదికి ఒకసారి, గోడలకు ఒకసారి, స్లాబుకు ఒకసారి ఫోన్‌లో ఫొటో తీసి, ఏ చోట తీశారో తెలిసేలా యాప్‌లో పెట్టాలి. కొలత తప్పితే బిల్లు ఆగుతుంది. లబ్ధిదారు గోడ మీద ఇంత నిఘా పెట్టగలిగిన ప్రభుత్వానికి, ఆ గోడకు ఇటుక పంపిన బట్టీలో కూలి వారం వారం బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో చూడటం చేతకాదా? చేతనవుతుంది. బట్టీలు రహస్యంగా నడవవు, వాటి పొగగొట్టాలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. ఈ సీజన్ ముగియడానికి ఇంకా ఐదు నెలలున్నాయి. స్మైల్ బృందం వెంట ఒక ఒరియా తెలిసిన మనిషినీ, విముక్తి పత్రం రాసే అధికారం ఉన్న ఆర్డీవోనూ పంపమనండి. పిల్ల పేరు రాసుకున్న కాగితం మీదే తల్లి పేరూ తండ్రి పేరూ రాయమనండి. మున్షీ జేబులోని ఆ లెక్కల పుస్తకాన్ని అక్కడికక్కడే స్వాధీనం చేసుకోమనండి.