పరుగు నిజం, పత్రం ఏది?

2025 జనవరి 17న రాష్ట్రపతి భవనంలో జాతీయ క్రీడా పురస్కారాల ప్రదానోత్సవం జరిగిన సంగతి పాఠకులకు విదితమే. అర్జున పురస్కారానికి ఎంపికైన 32 మందిలో తెలుగింటి ఆడపడుచులు ఇద్దరున్నారు. ఒకరు విశాఖపట్నానికి చెందిన హర్డిల్స్ క్రీడాకారిణి యర్రాజి జ్యోతి. మరొకరు వరంగల్లు జిల్లా కల్లెడకు చెందిన పారా క్రీడాకారిణి జీవాంజి దీప్తి. సరిహద్దుకు ఇవతల కర్ణాటకలో ఉంటున్న మనం కూడా ఆ వార్త చదివి ‘మన పిల్లలే’ అని మురిసిపోయాం. అందులో తప్పేమీ లేదు. అయితే జ్యోతి కథలో మన కర్ణాటకకు ఒక వాటా ఉంది, ఒడిశాకు మరొక వాటా ఉంది. ఆ వాటాను గుర్తు చేసుకొంటే సంతోషంతో పాటు కొంత చేదు కూడా నాలుకకు తగులుతుంది.

2020 జనవరి తొలివారం. దక్షిణ కన్నడ జిల్లా మూడబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరపున బరిలో దిగిన జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 13.03 సెకన్లలో ముగించింది. అప్పటికి ఆ పోటీలో జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2002లో ఒడిశా క్రీడాకారిణి అనురాధా బిస్వాల్ నెలకొల్పిన ఆ రికార్డును పదిహేడేళ్ళకు పైగా ఎవరూ కదిలించలేకపోయారు. వందవ వంతు సెకనుకు నెలల తరబడి చెమటోడ్చే ఆటలో, ఒక కళాశాల విద్యార్థిని ఏకంగా సెకనులో మూడోవంతుకు పైగా తగ్గించింది. తండ్రి ప్రైవేటు కాపలాదారు, తల్లి ఆసుపత్రిలో శుభ్రపరిచే పని చేసిన మనిషి. ఆ ఇంటి పిల్ల అంత పని చేసింది.

కానీ ఆ పరుగు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. పోటీ ముగిశాక ఆమెకు జాతీయ మాదకద్రవ్య నిరోధక సంస్థ, అనగా నాడా, డోప్ పరీక్ష జరపలేదు. భారత అథ్లెటిక్స్ సమాఖ్య తరపున సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఈ రెండూ లేనందువల్ల 13.03 సెకన్లకు గుర్తింపు దక్కలేదు. నిబంధన తప్పని ఈ రచయిత అనడు. ఉత్ప్రేరకాల బెడద ఉన్న దేశంలో పరీక్ష లేని రికార్డును ఒప్పుకొంటే, నిజాయితీగా పరుగెత్తేవారికే నష్టం. అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల విద్యార్థులందరూ చేరే అంత పెద్ద పోటీకి, పరీక్షించే మనిషిని ఒకరిని, ప్రతినిధిని ఒకరిని ముందుగా రప్పించుకోవలసిన బాధ్యత ఎవరిది? పరుగెత్తే పిల్లది మాత్రం కాదు కదా.

ఆ తరువాత జరిగింది కూడా చెప్పుకోదగినదే. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 13.09 సెకన్లు పరుగెత్తింది. ఆ వేళ వెనుకనుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన అనుమతించేది 2 మీటర్లు. ఆ పరుగూ లెక్కకు రాలేదు. చివరికి 2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 సెకన్లకు ముగించినప్పుడు జాతీయ రికార్డు ఆమె పేరిట నమోదైంది. పాఠకులు అంకెలను మరొకసారి గమనించగోరెదను. కాగితం మీద ఆమె తొలి రికార్డుగా నిలిచిన పరుగు, రెండేళ్ళ ముందు మూడబిదిరెలో చేసిన పరుగుకంటె నిదానమైనది! అదే నెలలో నెదర్లాండ్స్‌లో 13.04కు వచ్చింది. అక్కడ కూడా మూడబిదిరె పరుగు వందవ వంతు ముందే ఉంది. అధికారిక రికార్డు ఆ పాత పరుగును దాటినది 2022 అక్టోబరులో, బెంగళూరులో, 12.82 సెకన్లతో. భారత మహిళ ఒకరు 13 సెకన్ల లోపు పరుగెత్తినట్లు రికార్డులకెక్కినది అదే మొదటిసారి. అంటే ఒక కళాశాల విద్యార్థిని కాళ్ళు చేరిన చోటికి కాగితం చేరడానికి రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు పట్టింది. పోగొట్టుకొన్నదీ కర్ణాటక నేలమీదే, రాబట్టుకొన్నదీ కర్ణాటక నేలమీదే.

జ్యోతి గట్టి పిల్ల కనుక మళ్ళీ మళ్ళీ పరుగెత్తి సాధించుకొంది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారతీయ మహిళ అయింది. 2025లో గూమిలో ఆసియా స్వర్ణాన్ని నిలబెట్టుకొంది. కానీ మూడబిదిరె తరువాత గాయపడి, లేదా ఇంటి పరిస్థితి వల్ల ఆట మానుకొని ఉంటే? ఆ 13.03 ఎక్కడ ఉండేది? నాటి దినపత్రికల్లో ఒక మూల ఉండేది. అంతే.

ఈ సందర్భంలో అమెరికా కళాశాలల ఆచారం ఒకటి తెలుసుకోదగినది. అక్కడ అనేక కళాశాలలు తమ పూర్వ క్రీడాకారులను, శిక్షకులను ఎంపిక చేసి ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అనే కీర్తిమందిరంలో చేర్చి, సభ చేసి సత్కరిస్తాయి. మందిరమంటే ఎల్లెడలా భవనమే అనుకోనక్కరలేదు. చాలాచోట్ల అది వ్యాయామశాల గోడమీద వరుసగా బిగించిన ఫలకాలు మాత్రమే. వారి దేశపు ఫుట్‌బాల్ ఆటకు జాతీయస్థాయిలో ఉన్న కళాశాలల కీర్తిమందిరం అట్లాంటా నగరంలో ఉంది. అందులో చేరాలంటే ఆటగాడు కళాశాల ఆట ముగించాక పది సీజన్లు గడవాలి. చప్పట్లు చల్లారిన తరువాత కూడా ఆ పేరు నిలిచిందా అని చూస్తారన్న మాట. ఆట మానాక పౌరుడిగా అతని నడవడిక ఎలా ఉందో కూడా పరిగణనలోకి తీసుకొంటారు. ఈ రెండవ షరతు మన దగ్గర పెడితే కొందరు పెద్దల ఫలకాలు ఊడిరాగలవు, అది వేరే సంగతి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది శిక్షకులకు అక్కడ ఇచ్చే చోటు. బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఉంది. 1891 డిసెంబరులో ఆ ఊరి శిక్షణ పాఠశాలలో చలికాలం పిల్లలను ఆడించే ఉపాయం తోచక, రెండు పండ్ల బుట్టలు వ్యాయామశాల బాల్కనీ కమ్మీలకు కొట్టి ఆ ఆటను కనిపెట్టిన వ్యాయామోపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్. ఆ మందిరానికి ఆయన పేరే పెట్టారు. అదే నైస్మిత్ తరువాత కాన్సాస్ విశ్వవిద్యాలయానికి శిక్షకుడిగా ఉన్నప్పుడు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడారు. ఆ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టు శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువైనది ఆయన ఒక్కరికే! అయినా కీర్తిమందిరం తలుపు మీద ఉన్నది ఆయన పేరే. ఇక జాన్ వుడెన్ అనే ఆయన మొదట ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకొన్న పంతులు. తరువాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టును 1964 నుంచి 1975 వరకు, పన్నెండేళ్ళలో పదిసార్లు జాతీయ విజేతగా నిలిపారు. ఆటగాడిగా ఒకసారి, 1973లో శిక్షకుడిగా మరొకసారి ఆ మందిరంలో చేరారు. రెండు విధాలా చేరిన మొదటి వ్యక్తి ఆయనే.

మనకు ఇటువంటివి ఏమీ లేవని అనలేము. విశ్వవిద్యాలయాలకు 1956-57 నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. ఆ 2025 సభలోనే అది చండీగఢ్ విశ్వవిద్యాలయానికి దక్కింది. అయితే అది సంస్థకు ఇచ్చేది. గెలిచిన విద్యార్థి పేరు, తీర్చిదిద్దిన మాస్టారి పేరు ఆ వార్తలో కనబడవు. శిక్షకులకు 1985 నుంచి ద్రోణాచార్య పురస్కారం ఉంది. తొలి ఏడాది అందుకొన్న ముగ్గురిలో పి.టి. ఉషను తీర్చిదిద్దిన ఓ.ఎం. నంబియార్ ఒకరు. మన హైదరాబాదు నుంచి ఎస్.ఎం. ఆరిఫ్ 2000లో, పుల్లెల గోపీచంద్ 2009లో, నాగపురి రమేశ్ 2016లో ఆ గౌరవం పొందారు. జ్యోతి, దీప్తి ఇద్దరూ రమేశ్ చేతి కింద సాన పట్టినవారే. (ఏకలవ్యుడి కథ తెలిసిన మన పల్లె ముసలివారు ఆ పురస్కారం పేరు వినగానే ఒక్క క్షణం ఆగి నవ్వుతారు. వారి నవ్వుకు నా దగ్గర సమాధానం లేదు.)

చిక్కంతా ఆ పురస్కారానికి ముందున్న మెట్టు దగ్గర ఉంది. విశాఖలో చదువుకొనే రోజుల్లో జ్యోతి పొడుగు చూసి ‘ఈ పిల్ల హర్డిల్స్‌కు పనికొస్తుంది’ అని మొదట గుర్తించినది ఆమె పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు. కల్లెడ పిల్ల దీప్తి పరుగును మొదట గమనించినదీ ఒక బడి మాస్టారే. ఆమె 2024 మేలో కోబెలో 400 మీటర్ల టి-20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించి, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పతకం వచ్చాక లెక్క వెనక్కి నడుస్తుంది. అంతర్జాతీయ శిక్షకుడి వరకు నడుస్తుంది, అంతకు ముందున్న శిక్షణ కేంద్రం వరకు కూడా నడుస్తుంది. బడి గేటు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. అక్కడ పుస్తకంలో ఏమీ రాసి ఉండదు కనుక.

సయ్యద్ అబ్దుల్ రహీం సంగతే చూడండి. హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన శిక్షకుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సరుతో కన్నుమూశారు. ద్రోణాచార్య పురస్కారం పుట్టింది ఆ తరువాత ఇరవైరెండేళ్ళకు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చాక గాని, మా సహోపాధ్యాయులలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. నాకు తెలిసింది కూడా అంతకు రెండు మూడేళ్ళ ముందే అని ఒప్పుకోవాలి.

ఇక మన సరిహద్దు పల్లెల మాటకు వద్దాం. మన పిల్లలకు కాగితం కష్టం రెండింతలు. తెలుగింట ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి కార్యాలయాల్లో తండ్రి పేరు, ఊరి పేరు పొడి అక్షరాలుగా మారి పేరు చివరకు పోతాయి. నా విద్యార్థి ఒకడు జిల్లా మట్టపు పోటీల్లో 800 మీటర్ల పరుగు గెలిచాడు. హోబళి నుంచి తాలూకాకు, తాలూకా నుంచి జిల్లాకు వాణ్ణి వెంటబెట్టుకొని పోయినది నేనే. బడిలో డ్రిల్లు మాస్టారి కొలువు ఆ ఏడాది ఖాళీ. ప్రశంసాపత్రంలో పేరు కన్నడంలో ఒక తీరున పడింది, మార్కుల పట్టికలో ఇంగ్లీషులో మరో తీరున ఉంది. కొన్నేళ్ళకు ఆటల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ‘ఇద్దరూ ఒకరేనని రుజువేది?’ అన్నారు. పోటీ జరిపినవారి దగ్గర ఆ ఏటి పుస్తకం కోసం వెళ్ళాం. దొరకలేదు. ప్రమాణపత్రం రాయించేలోగా గడువు దాటిపోయింది. ఇప్పుడు వాడు టెంపో నడుపుతున్నాడు. దారిలో కనబడితే ఆపి ‘ఎక్కండి సార్’ అంటాడు. పత్రం చేతికి వచ్చిన రోజే పేరును సరిచూడవలసింది ఉపాధ్యాయుడిగా నేను. చూడలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల చేతికి ప్రశంసాపత్రం వచ్చిన సాయంత్రమే పేరు, పుట్టిన తేదీ, పోటీ పేరు, సంవత్సరం బడి రికార్డుతో పోల్చి చూడండి. తేడా ఉంటే వారంలోగా బడికి రండి. ఏళ్ళు గడిచాక సరిచేయడం ఎవరి తరమూ కాదు.

మా బడిలో ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక చెక్క పలక ఉంది. 1950ల నుంచి పనిచేసిన ప్రధానోపాధ్యాయులందరి పేర్లు, వచ్చిన తేదీ, పోయిన తేదీ తెల్లరంగుతో వరుసగా రాసి ఉన్నాయి. నెలన్నర పనిచేసి బదిలీ అయినవారి పేరు కూడా ఉంది. ఆటల్లో గెలిచినవారి పలక లేదు. ఈ వేసవిలో దాని పక్కన మరొకటి పెట్టాలని పూర్వ విద్యార్థులు కొందరు, నేను కలిసి అనుకొన్నాం. వడ్రంగిని పిలిచాం, పలక కొలతలు తీసుకొన్నాం. ఏటా ఒక వరుస: సంవత్సరం, పోటీ, విద్యార్థి పేరు తెలుగులోను కన్నడంలోను, చివర తయారు చేసిన మాస్టారి పేరు. ఊళ్ళో పెద్దలను అడిగి ఇప్పటికి పద్నాలుగు వరుసలు కూర్చాం. 1978లో తాలూకా కబడ్డీ గెలిచిన జట్టు ఏడుగురి పేర్లూ దొరికాయి. వారిలో ఇద్దరు స్వయంగా వచ్చి చెప్పారు. వారికి ఆట నేర్పిన మాస్టారు అనంతపురం వైపు నుంచి వచ్చేవారని, సైకిలు మీద వచ్చేవారని, చేతిలో ఈల ఉండేదని చెప్పారు. పేరు మాత్రం ఇద్దరికీ గుర్తు రాలేదు. అందరూ ఆయన్ను ‘డ్రిల్లు సారు’ అనే పిలిచేవారట. ఆ చోటు ఖాళీగా ఉంచమని వడ్రంగికి చెప్పాం.