రాత్రిపూట పిక్కలు పట్టేస్తే

“మా వారికి యాభై రెండేళ్ళు. మూడేళ్ళ క్రిందట లివరు గట్టిపడిందని డాక్టర్లు చెప్పారు. తాగుడు అప్పుడే మానేశారు. మందులు వాడుతున్నాం. పొట్టలో నీరు తగ్గింది గాని కాళ్ళ బాధ మాత్రం పగవాడిక్కూడా వద్దు. పగలంతా పాదాలు బరువు. అర్ధరాత్రి పిక్క రాయిలా బిగిసి కేక పెట్టి లేస్తారు. నేను లేచి నూనె రాసి మర్దనా చేస్తాను. షాపులో అడిగి తెచ్చిన నొప్పి బిళ్ళ వేస్తే ఆ పూటకు నిద్ర పడుతుంది. ఉప్పు, పప్పు, గుడ్డు అన్నీ మాన్పించి చారన్నం, మజ్జిగన్నం పెడుతున్నాను. రాత్రి ఏడింటికే భోజనం అయిపోతుంది. ఇంకా ఏ పత్యం పాటించమంటారు?”

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఊరూ పేరూ వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఇదే బాధ మరెన్నో ఇళ్ళలో వుంటుంది కాబట్టి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

అమ్మా, అన్నిటికన్నా ముందు ఆ నొప్పి బిళ్ళ సంగతి. దాన్ని ఈ రాత్రి నుంచే ఆపండి. అట్ట మీద ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ అని వున్నవేవీ మీ వారికి పనికిరావు. లివరు గట్టిపడినవారి మూత్రపిండాలకు రక్తం అంతంతమాత్రంగా అందుతూ వుంటుంది. ఆ కాస్త రక్తనాళాన్నీ తెరిచి వుంచే పదార్థాలను శరీరమే తయారు చేసుకుంటుంది. ఈ బిళ్ళలు సరిగ్గా ఆ పదార్థాలనే అడ్డుతాయి. దాంతో మూత్రం తగ్గుతుంది, తగ్గిన నీరు మళ్ళీ చేరుతుంది, ఒక్కొక్కప్పుడు మూత్రపిండాలే చెడిపోతాయి. జీర్ణాశయంలో పుండు పడి రక్తం పోయే ప్రమాదం మరొకటి. నిమెసులైడ్ అయితే నేరుగా లివరునే దెబ్బ తీయగలదు. నిద్ర పట్టడానికని ఇచ్చే బిళ్ళలూ మంచివి కావు. ఆరోగ్యవంతుడికి మామూలు నిద్రనిచ్చే బిళ్ళ ఈ జబ్బులో మనిషికి మతి తప్పించవచ్చు.

మరి నొప్పికి ఏమి వేయాలి? మీకు ఆశ్చర్యంగా వుండవచ్చు గాని, లివరుకు చెరుపని అందరూ భయపడే పారసిటమాలే వీటన్నిటికన్నా నయం. అయితే రోజుకు 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు మించకూడదు. అదైనా మీ డాక్టరుగారితో చెప్పి, తాగుడు పూర్తిగా మానినవారే వాడాలి. జలుబు బిళ్ళల్లోనూ, ఒళ్ళునొప్పుల బిళ్ళల్లోనూ పారసిటమాలు మరో మందుతో కలిసి వుంటుంది. అట్ట మీద చిన్న అక్షరాలు చదవకుండా ఏదీ నోట్లో వేయనివ్వకండి.

ఇక మీ పత్యం. ఉప్పు తగ్గించారు, సంతోషం. పప్పూ గుడ్డూ మాన్పించడం మాత్రం ఆయనకు మేలు చేయడం లేదు. కామెర్లు వచ్చినవారికి చప్పిడి పత్యం పెట్టడం మన ఇళ్ళలో తాతల నాటి అలవాటు. పది రోజుల కామెర్లకు అది సాగిందేమో గాని, ఏళ్ళ తరబడి వుండే జబ్బుకు అది కండనంతా కరిగిస్తుంది. ఎలాగంటారా? ఆరోగ్యంగా వున్న లివరు పగలు తిన్న పిండి పదార్థంలో కొంత దాచి పెట్టి రాత్రంతా శరీరానికి అందిస్తుంది. గట్టిపడిన లివరుకు ఆ కొట్టు చాలదు. మీ వారు రాత్రి ఏడింటికి తిని మర్నాడు ఎనిమిదింటికి ఫలహారం చేస్తే ఆ పదమూడు గంటలూ ఆయన శరీరానికి రెండు మూడు రోజుల ఉపవాసంతో సమానం. అప్పుడు శరీరం తన కండనే కరిగించి తింటుంది. పిక్కలూ తొడలూ సన్నబడతాయి. మిగిలిన కాస్త కండ ఊరికే అలిసిపోయి పట్టేస్తుంది.

కనుక పడుకునే ముందు ఏదో ఒకటి పెట్టండి. ఒక గ్లాసు పాలూ రెండు ఇడ్లీలూ, లేదా పాలలో అటుకులు, లేదా అరటిపండూ గుప్పెడు ఉప్పు లేని వేరుశెనగపప్పూ. పగలు పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏది మీ ఇంట్లో అలవాటైతే అది ధారాళంగా తిననివ్వండి. నీరు లేనప్పటి బరువు లెక్కన కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు వైద్యులు. అరవై కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములవుతుంది. గుడ్డులో వుండేది 6 గ్రాములే, గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. మీ చారన్నం, మజ్జిగన్నంతో అందులో సగమైనా అందదని మీకే తెలుస్తుంది. మాంసకృత్తులు తింటే మతి తప్పుతుందన్న పాత భయం ఇప్పుడు వైద్యులకే లేదు. కందిపప్పు గాని పెసరపప్పు గాని మానవలసిన అవసరం లేదు.

ఉప్పు సంగతి మరొక్క మాట. రోజుకు 5 గ్రాములు, చదునుగా ఒక టీ చెంచా, కూరా చారూ అన్నీ కలిపి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, బజారు మిక్చరు ఇందులో పట్టవు. చారు పూర్తిగా చప్పగా చేసి, భోజనం నోటికి హితవు కాక మనిషి సగం అన్నంతో లేచిపోయేటంతగా మాత్రం బిగించకండి. నిమ్మరసం, జీలకర్ర, మిరియం, కొత్తిమీర మీ చేతిలోనే వున్నాయి. ఉప్పుకు బదులని బజారులో అమ్మే “తక్కువ సోడియం” ఉప్పు తెచ్చారా? అందులో పొటాషియం వుంటుంది. నీటి కోసం స్పైరనొలాక్టోన్ వాడేవారి రక్తంలో పొటాషియం ముందే పెరిగి వుండవచ్చు, అది ఇంకా పెరిగితే గుండెకే ముప్పు. కొబ్బరినీళ్ళతోనూ అదే చిక్కు. చలవ చేస్తుందని రోజుకు రెండు బొండాలు తాగించే ముందు, పైన చెప్పిన అరటిపండు రోజూ పెట్టే ముందు డాక్టరుగారిని అడగండి.

అర్ధరాత్రి పిక్క పట్టేయడం గురించి ఇప్పుడు చెబుతాను. సిరోసిస్ వున్నవారిలో సగంమందికి పైగా ఈ బాధ వుంటుంది. “మా వారు ఓర్చుకోలేకపోతున్నారు” అని మీరు సిగ్గుపడనక్కరలేదు. కండరం తనంత తాను ముడుచుకుని, చేత్తో తాకితే రాయిలా తగులుతుంది. ఆ క్షణంలో మర్దనా కన్నా సాగదీయడం త్వరగా పని చేస్తుంది. మోకాలు చాచి, పాదం వేళ్ళను మెల్లగా మోకాలి వైపుకు వంచి అరనిమిషం పట్టి వుంచండి. ఆయన లేచి నిలబడగలిగితే మడమ నేలకు ఆనించి గోడను రెండు చేతులతో నెట్టమనండి. అసలు పట్టేయకముందే, పడుకోబోయే ముందు ఇదే సాగదీత రెండు కాళ్ళకూ నాలుగైదు సార్లు చేయిస్తే రాత్రి కేకలు తగ్గుతాయి.

మరొక విచిత్రమైన విషయం వుంది. 2022లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు వైద్యులు, సిరోసిస్ వున్నవారికి పిక్క పట్టేసిన వెంటనే దోసకాయ ఊరవేసిన పుల్లనీళ్ళు ఒక పెద్ద చెంచాడు తాగించి చూశారు. మామూలు నీళ్ళు తాగినవారి కన్నా వీరికి నొప్పి తీవ్రత తగ్గింది. పులుపు గొంతుకు తగలగానే నరాల మీదుగా కండరం పట్టు సడలుతుందని అనుకుంటున్నారు. అయితే తెలుగు పాఠకులు ఆవకాయ జాడీ దగ్గరికి పరుగెత్తకండి! ఆ నీళ్ళు వేరు, మన నూనె ఊట వేరు. వారు తాగింది చెంచాడు మాత్రమే. మీ వారికి పొట్టలో నీరు వచ్చి వుంది కాబట్టి డాక్టరుగారిని అడిగాకే ప్రయత్నించండి.

మాటిమాటికీ పట్టేస్తుంటే రక్తంలో సోడియం, పొటాషియం, మెగ్నీషియం, విటమిన్ డి చూపించాలి. నీటి మాత్రలు ఎక్కువైనా పిక్కలు పడతాయి. అంతమాత్రాన మీ అంతట మీరు మాత్ర మానవద్దు. రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళివచ్చాక బరువు తూచి ఒక పుస్తకంలో రాయండి. కాళ్ళ వాపు వున్నప్పుడు రోజుకు కిలోకు మించి, వాపు పోయాక అరకిలోకు మించి తగ్గుతుంటే ఆ పుస్తకం తీసుకుని వెళ్ళండి. డాక్టరుగారు మోతాదు తగ్గించవచ్చు, లేదా బాక్లోఫెన్, టారిన్ వంటి వాటిలో ఏదైనా ఆలోచించవచ్చు. వీటిలోనూ మగత తెచ్చేవి వున్నాయి, కాబట్టి పక్కింటివారి చీటీ చూసి కొనేవి కావు. ఒకప్పుడు ఇందుకే వాడిన క్వినైను రక్తకణాలను పడగొట్టగలదు. దాని జోలికి పోవద్దు.

పగటి బరువు వేరే విషయం. బొటనవేలితో పాదం మీద అరనిమిషం నొక్కి చూడండి. గుంట పడి వెంటనే పూడకపోతే అది నీరు. లివరు తయారు చేసే ఆల్బుమిన్ అనే మాంసకృత్తి రక్తంలో తగ్గడం, మూత్రపిండాలు ఉప్పును పట్టి వుంచడం దానికి కారణాలు. మధ్యాహ్నం గంటసేపు కాళ్ళ క్రింద రెండు తలగడలు వేసి పడుకోమనండి. కుర్చీలో కూర్చున్నప్పుడు ముందు ఒక పీట వేయండి. చెప్పులు సాయంత్రం పూట, వాపు ఎక్కువగా వున్నప్పుడు కొంటే సరిగా సరిపోతాయి. సాగే మేజోళ్ళు కొందరికి పనికి వస్తాయి, కాలికి రక్తం సరిగా పారనివారికి హాని చేస్తాయి. అందుకని వాటిని అడిగి కొనండి.

అరికాళ్ళు మండడం, సూదులు గుచ్చినట్లు వుండడం నరాల జబ్బు. తాగుడు, చక్కెర జబ్బు, బి12 లోపం దానికి దారి తీస్తాయి. హెపటైటిస్ సి కూడా నరాలను చెడగొట్టగలదు. ఆ వైరసుకు ఇప్పుడు రెండు మూడు నెలల మాత్రలతో నయం చేసే మందు వుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రులలో పరీక్షా మందూ ఉచితం. మంట వున్నవారి పాదాలకు వేడి తెలియదు. కాపడానికి నీళ్ళు పెడితే ముందు మీ మోచేయి ముంచి చూడాలి గాని, “వేడిగా వుందా?” అని ఆయనను అడిగితే లాభం లేదు. పడుకోబోయే ముందు పాదం అడుగు, వేళ్ళ సందులు చూసి, పగుళ్ళకు కొబ్బరినూనె రాయండి.

చివరకు మందుల షాపు కాకుండా మరొక మాట. “లివరుకు తిరుగులేని మందు” అంటూ ఆకులూ వేళ్ళూ అమ్మేవారు వస్తుంటారు. తిప్పతీగ వాడి లివరు దెబ్బతిన్నవారి సంగతి ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆకు అయినంత మాత్రాన లివరుకు హాని లేదనుకోకండి.

*

మరొక ఉత్తరం ఇంకా చిన్నది. “మా మామగారికి లివరు జబ్బు. నిన్నటి నుంచి ఎడమకాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా వుంది. గత వారం వైజాగు బీచిలో చెప్పుల్లేకుండా నడిచారు. ఆగితే తగ్గుతుందా?”

ఆగకండి. ఒక్క కాలే వాచడం మామూలు నీరు కాదు. లోపలి నరంలో రక్తం గడ్డ కట్టి వుండవచ్చు. లివరు జబ్బులో రక్తం పలచన కాబట్టి గడ్డ కట్టదనేది అపోహ. ఎరుపూ వేడీ వున్నందున చర్మంలో సూక్ష్మజీవి చేరి వుండవచ్చు. సముద్రపు నీటిలో వుండే కొన్ని సూక్ష్మజీవులు పగిలిన పాదం గుండా చేరి లివరు జబ్బువారిని గంటల్లో కూలదీయగలవు. జ్వరం, చలి, చర్మం మీద నల్లటి బొబ్బలు, మాట తడబాటు ఇందులో ఏ ఒక్కటి వున్నా రాత్రివేళ అయినా సరే పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళండి, బీచి సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. ఏమీ లేకపోయినా ఈ రోజే చూపించాలి.