అల్లుడి కొండ మీద గాజుపెంకులు

అహోబిలంలో ఎగువ గుడి దాటి జ్వాలా నరసింహుడి దారి పట్టగానే భవనాశి మన పక్కకి వచ్చేస్తుంది. బండల మధ్య నీళ్ళు, నెత్తి మీద కొమ్మలల్లుకున్న నీడ. మొన్న శనివారం ఆ నీడలోనే డోలీ మోసే ఒక మనిషి అరికాలు చీరుకుపోయింది. బీరు సీసా పెంకు. భుజం మీద కర్ర, దానికి కట్టిన కుర్చీలో ఒక పెద్దావిడ. వెనక మోసేవాడికి ముందున్నవాడి వీపు తప్ప కాళ్ళ కింద ఏముందో కనపడదు. నలుగురిలో ఒకడు ఆగితే మిగతా ముగ్గురూ ఆగాలి. ఆగారు. మెట్టు మీద నెత్తురు చిక్కగా సాగింది. వెనకున్న జనం ఏమన్నారో తెలుసా? "దారికడ్డంగా ఆపితే ఎట్లయ్యా, పక్కకి జరగండి!"

జరిగారు. జనం "గోవిందా" అనుకుంటూ ఎక్కిపోయారు. ఏమైందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు.

ఆళ్ళగడ్డ లాంటి చిన్న ఊరికి దగ్గర్లోనే ఇన్ని కాలిబాటలున్న అడవి ఉండడం ఎంత అదృష్టమో మనకి పట్టదు. దిగువన ఛత్రవట, యోగానంద, భార్గవ నరసింహులు. పైన క్రోడ, మాలోల, జ్వాల, ఆపైన నిటారుగా ఉగ్రస్తంభం. అడవి లోపలెక్కడో పావన. ఒక్కో నరసింహుడి దగ్గరికి ఒక్కో బాట. తిరుమంగై ఆళ్వారు ఈ కొండను పాడినప్పుడు, మామూలు మనుషులు చేరలేని చోటని పాడాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఇక్కడ మెట్లు కట్టించాడు. నడిచేవాడి కాలు గురించి దాదాపు ఏడువందల ఏళ్ళ కిందట ఒక రాజు ఆలోచించాడు. ఆ మెట్ల దారిలో మనం సీసాలు పగలగొడుతున్నాం!

అడవిలో తాగడానికే వచ్చేవాళ్ళ సంగతి వదిలేయండి. భక్తితో వచ్చినవాళ్ళు మాత్రం ఏం చేస్తున్నారు? బండసందుల్లో నీళ్ళ సీసాలు కుక్కుతున్నారు. చిప్స్ కవర్లు గాలికి వదిలేస్తున్నారు. రక్తకుండం దగ్గర ఒక కోతి కవరును లోపలివైపు తిరగేసి, వేళ్ళతో పట్టుకుని, మూలమూలా నాకుతుంటే చుట్టూ చేరి ఫోన్లలో వీడియోలు తీశారు. అదే కవరు ఉప్పు రుచికి ఏ దుప్పో నమిలి మింగితే అరగదు, బయటికి రాదు. అప్పుడు వీడియో తియ్యడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఎండాకాలం నల్లమలలో ఆకులన్నీ రాలి గలగలలాడుతుంటే ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు, కొండకి కొండే మాడిపోతుంది. దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం ఈ కొండల్లోనే ఉందన్న ఎరుక ఎవరికైనా ఉందా?

అడిగితే ప్రతివాడి దగ్గరా జవాబు తయారు. నడిచేవాళ్ళు "గవర్నమెంటు చూసుకోవాలి" అంటారు. ఒక ఆఫీసులో మొరపెట్టుకుంటే "జనమే మారాలి సార్" అని ఫైలు మూసేశారు. అందరూ తప్పుకున్నాక మిగిలింది డోలీవాడి కాలు.

జనం మారరన్నది పచ్చి అబద్ధం. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధించి, డిపాజిట్ కట్టించుకుని గాజు సీసాల్లో నీళ్ళిస్తే, ఇదే జనం ఖాళీ సీసా తిరిగిచ్చి డబ్బులు వాపసు తీసుకోవడం లేదా? ఇక్కడ బాట మొదట్లో ఒక బల్ల, ఒక మనిషి. పైకి ఎన్ని సీసాలు తీసుకెళ్తున్నారో లెక్క రాసి, డబ్బు కట్టించుకుని, అన్నీ వెనక్కి తెస్తేనే తిరిగివ్వండి. దీనికి కోట్లు కావాలా? కమిటీలు కావాలా?

సంక్రాంతి పండక్కి పారువేటకి బయల్దేరి ఊరూరా తిరిగే ఈ స్వామి చెంచుల అల్లుడు. చెంచులక్ష్మి కథ చెప్పుకుని మురిసిపోతాం. కాలు తెగిన ఆ మనిషి చెంచువాడు. స్వామికి అత్తింటివాడు. వాళ్ళ కాళ్ళ కింద గాజు పోసి, పైకెళ్ళి ఆయనకే దండం పెడుతున్నాం.

అతను తువ్వాలు చింపి కాలికి కట్టుకున్నాడు. ఆ పెంకు ఇంకెవరికీ గుచ్చుకోకూడదని నేను దాన్ని తీసి, పక్కనున్న పొదల్లోకి విసరబోయాను. అతను గబుక్కున చెయ్యెత్తాడు.

"అట్ల ఇసిరేయొద్దు సార్. జిగురుకి, తేనెకి మా పిల్లోళ్ళు ఆ పక్కనే తిరుగుతాంటారు."

ఆ మాట అని మళ్ళీ కర్ర కిందికి భుజం పెట్టాడు.