గోడకు రంగేస్తే గౌరవం పోతుందా?

మా విశాఖపట్నంలో సముద్రానికి రోజుకు పది రంగులు. తెల్లవారుజామున పావురం రెక్క రంగు, ఎండెక్కాక నీలం, మబ్బు పడితే సీసం రంగు, సాయంత్రానికి ఇంకేదో, పేరు పెట్టేలోపే మారిపోయేది. ఆ సముద్రం ఓ మూలనుంచైనా కనిపించాలని అప్పుచేసి మరీ కొనుక్కున్న రెండు గదుల ఫ్లాట్లలో మాత్రం గోడలన్నిటికీ ఒక్కటే రంగు. దుకాణం వాళ్ళు దాన్ని ఐవరీ అంటారు, క్రీమ్ అంటారు, ఆఫ్ వైట్ అంటారు, బీజ్ అంటారు. మా అమ్మమ్మ ఉంటే అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టేది: గంజి రంగు!

గంజి మీద నాకేం పగ లేదు. ఇష్టపడి వేసుకున్నవాళ్ళ జోలికి నేను పోను. నా పోట్లాటల్లా, ఆ రంగే శాసనమైపోయిందే, దానితో. “చిన్నింటికి లేత రంగే వెయ్యాలమ్మా” అంటాడు పెయింటరు. “రేపు అమ్మాల్సివస్తే ధర పలకద్దూ?” అంటారు మావారు. “డీసెంటుగా ఉంటుంది మమ్మీ” అంటుంది అమ్మాయి. అద్దె ఇల్లయితే ఓనరుగారి మాట సరేసరి. ఇంతమందీ పొద్దున్న తొమ్మిదయ్యేసరికి చెప్పులేసుకుని బయటపడతారు. రోజల్లా ఆ నాలుగు గోడల్నీ చూస్తూ ఉండేదెవరండీ? ఉద్యోగం చేసే ఇల్లాలైనా అంతే, సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చుంటే వంటింటి గోడకు మొహం పెట్టి నిలబడేది ఆవిడే. చూసేవాళ్ళకు ఓటు లేదు, చూడనివాళ్ళదేమో తీర్పు!

సరే, వాళ్ళ వాదాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, లేత రంగు వేస్తే చిన్న గది పెద్దగా కనిపిస్తుందని. కాస్త నిజం లేకపోలేదు, లేత గోడ వెలుతురును తిరగ్గొడుతుంది. కాని పదికి పది గది ఐవరీ వేసినా పదికి పదే. అందులో బీరువా, మంచం, కుట్టుమిషను, అత్తగారి ట్రంకుపెట్టె, పాత పేపర్ల కట్ట పెట్టాక ఇక కనిపించే గోడెంత? గది ఇరుకయ్యేది సామానుతో, రంగుతో కాదు. ఆ కట్ట పాత పేపర్లవాడికి వేసెయ్యండి, ఏ రంగు గోడైనా రెండడుగులు వెనక్కి జరుగుతుంది.

రెండోది, ముదురు రంగు వేడి అని. వేడి వచ్చేది పైకప్పు నుంచి, పడమటి గోడ బయటివైపు నుంచి. డాబా మీద తెల్లగా సున్నం కొట్టించండి, నేనూ చెయ్యి వేస్తాను. కాని ఎండ తగలని లోపలి గోడ గిలకపండు రంగులో ఉంటే గదికి కొత్తగా జ్వరమేమీ రాదు.

మూడోది, లేత రంగయితే శుభ్రంగా ఉంటుందని. ఈ మాట అన్నవాళ్ళు సముద్రపు ఒడ్డున ఒక్క వానాకాలం కాపురం చెయ్యలేదన్నమాట. ఇక్కడి గాలిలో ఉప్పుంది. గోడకు కొట్టిన ఇనుప మేకు తుప్పుపట్టి, కిందికి ఎర్రటి చార కారుతుంది. చెమ్మ తగిలిన మూలల్లో నల్లగా బూజు పడుతుంది. క్రీము గోడ మీద అవి కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించవు. సముద్రపు ఒడ్డున గంజి రంగు గంజి రంగుగా ఉండదు, గంజి మాడిన గిన్నె అడుగులా ఉంటుంది.

నాలుగో వాదాన్ని ఎవరూ పైకి గట్టిగా అనరు. నాకు అసలు మండేది దానికే. “మరీ జాలరిపేట ఇళ్ళల్లే ఉంటుందండీ” అని మూతి తిప్పుతారు. ఏం? వాళ్ళ గోడల మీద నీలం, గులాబి, చిలకపచ్చ నవ్వుతూ ఉంటాయి. పడవలకైతే చెప్పనే అక్కర్లేదు. ఉప్పునీళ్ళతో మనకంటే బాగా పరిచయం ఉన్నవాళ్ళు వాళ్ళు. ఏటేటా ఇంత రంగు కొని ఉన్నంతలో కళగా ఉంటారు. మనం లక్షలు పోసి కళ తీసేసుకుని దానికి హుందాతనం అని పేరు పెట్టుకుంటాం. రంగంటే మోటు, రంగు లేకపోతే నాజూకు అని మనకు నేర్పిందెవరు?

చరిత్ర చదివితే నవ్వొస్తుంది. బీజ్ అన్నది ఫ్రెంచి మాట. అసలర్థం రంగు అద్దని ఉన్ని అని. రంగు అద్దని! మనదేమో రంగులద్దకంతో లోకాన్ని పిచ్చెక్కించిన తీరం. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన కోస్తా అద్దకం బట్టలు వాళ్ళ ఓడలెక్కి వెళ్ళాయి. అక్కడి ఆడవాళ్ళు వాటికోసం ఎంత ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు ఆ మాదిరి అద్దకం బట్టల్ని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. 1721లో ఇంగ్లండు చేసిన చట్టమైతే ఒంటిమీదే కాదు, ఇంట్లో తెరలకూ, మంచాలకూ వాడడానికి కూడా వీల్లేదంది. అంటే మన రంగుల్ని ఇళ్ళల్లోకి రాకుండా ఆపడానికి వాళ్ళకు ప్రభుత్వాలు చట్టాలు చెయ్యాల్సివచ్చింది. మనకా అవసరం కూడా లేదు, మనమే మానేశాం!

ఈమధ్య “కోస్టల్ లుక్” అని ఇంకో జాడ్యం బయల్దేరింది. తెల్లగోడ, లేత నీలం దిండ్లు, నాలుగు గవ్వలు, గోడకో లంగరు బొమ్మ. ఎవరి సముద్రమండీ అది? మన తీరం రంగు చూడాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు నిలబడండి. లేదా వరదలప్పుడు గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్ళ రంగు చూడండి. కావిరంగు, ఇటుక రంగు, తాటిపండు రంగు, కొబ్బరాకు పచ్చ, ఇవి మన తీరం రంగులు. కేటలాగులో వెతకక్కర్లేదు.

“చెప్పడం తేలికే, డబ్బో?” అంటారు. అక్కడికే వస్తున్నా. రంగుకు డబ్బు కంటే ముందు కావలసింది వరస.

ముందు చెమ్మ సంగతి చూడండి. లోపల చెమ్మ పెట్టుకుని పైన ఎంత ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేసినా బుడగలొచ్చి పెచ్చులూడుతుంది. పైపు కారుతోందా, పిట్టగోడ పగిలిందా, అది బాగుచేయించడమే మొదటి ఖర్చు. పాత సున్నం గోడలున్న ఇల్లయితే మీ అదృష్టం. సున్నంలో ఎర్ర ఆక్సైడో, పసుపు ఆక్సైడో కలిపి కొట్టిస్తే చవగ్గా అవుతుంది, గోడకు ఊపిరీ ఆడుతుంది. అయితే ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు, ఆ గోడకు ఆ జాతి రంగే వెయ్యాలి. సున్నం తడిమీద ముదురుగా ఉండి ఆరాక బాగా తేలిపోతుంది కాబట్టి, ముందు చాటంత మేర వేసి ఆరనిచ్చి, పొద్దుటి వెలుగులోనూ రాత్రి ట్యూబులైటు కిందా చూసుకోండి. సొంతంగా చేస్తే కళ్ళు జాగ్రత్త. ఇల్లంతా అక్కర్లేదు. ఒకే ఒక్క గోడ, మీరు ఎక్కువసేపు చూసే గోడ. చుట్టాలు కూర్చునే గది గోడ కాదు, మీ గోడ.

అద్దె ఇల్లయితే గోడ ఓనరుగారిది, తెర మీది. ఆరు గజాల పాత నేత చీరంటే సుమారు అయిదున్నర మీటర్లు. ఏడడుగుల గుమ్మానికి మడతలతో సహా రెండున్నర మీటర్లు చాలు. అంటే ఒక్క చీరకు రెండు గుమ్మాలు తీరి, మిగిలిన అరమీటరులో దిండు గలీబు వస్తుంది. అంచులు రెండు పక్కలా నిలువుగా పడేట్టు కుడితే తెరకు అందం అదే వస్తుంది. తెరల కమ్మీ మాత్రం ఇనుముది వద్దు, కర్రదో అల్యూమినియందో పెట్టండి, లేకపోతే చీరకు తుప్పు మరకలు. ఎండ నేరుగా పడే కిటికీకి మీకు ప్రాణమైన చీర కట్టకండి, రంగు వెలిసిపోతుంది.

కొత్త బట్ట కొనాలనుకుంటే పెడన అద్దకం ఉండనే ఉంది. కరక్కాయ, పటిక, తుప్పు ఇనుముతో బెల్లం కలిపి ఊరవేసిన నలుపు, నీలిమందు, వీటితో పుట్టిన రంగులవి. బజారులో అదే డిజైను మిషను మీద కొట్టినవీ కలంకారీ పేరుతోనే అమ్ముతారు. తిప్పి వెనకవైపు చూడండి. అచ్చుకీ అచ్చుకీ మధ్య కాస్త ఎడం, కాస్త ఎక్కువతక్కువ కనిపిస్తే అది మనిషి చెయ్యి. దుప్పటి కొనలేకపోతే మీటరు ముక్క కొని గోడకు వేలాడదీయండి.

అలమరలో ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి పెట్టండి. అంకుడు కర్ర, లక్క, చెట్టుచేమల రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ దినాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగాయి. ఢిల్లీ దాకా వెళ్ళినవి మన ఇంటి అలమర దాకా రాలేవా? ఎండలో మాత్రం పెట్టకండి, లక్క వేడికి మెత్తబడుతుంది.

ఇంకొక్క మాట. “ఈ వయసులో మీకెందుకండీ రంగులు?” అనేవాళ్ళున్నారు. భర్త పోయినావిడ గది అయితే ఆ ప్రశ్న కూడా అడగరు, తెల్ల దుప్పటి పరిచేస్తారు. ఒంటిమీద రంగు తీసేయించే ఆచారాన్ని ఎన్నో ఇళ్ళలో ఎదిరించి మాన్పించుకున్నాం కదా, గది విషయంలో ఎందుకు ఊరుకోవాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరిమీద పడి చెట్లను కూల్చి, ఉన్నవాటి ఆకు దూసేసింది. కొండలు కాలిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కరెంటు వచ్చింది, నీళ్ళొచ్చాయి, అయినా జనం మొహాలు తేరుకోలేదు. మొదటి చిగుళ్ళు కనిపించాక గాని ఊరు ఊరనిపించలేదు. రంగు విలాసం కాదని ఆ ఊరుఊరంతటికీ అప్పుడు తెలిసింది. ఇంట్లోకొచ్చేసరికి మళ్ళీ మర్చిపోయాం.

పసుపు రాసిన గడప, దానిమీద కుంకుమ బొట్లు, ముందు ముగ్గు. తెలుగింటి రంగు ఎప్పుడూ ఆడదాని చేతిమీదే మొదలైంది. దానికి ఏ డిజైనరు అనుమతీ అడగలేదు మన అమ్మలు. ఆ చెయ్యిని గడప దాటించి ఇంకో నాలుగడుగులు లోపలికి రానివ్వమనే నేనడుగుతున్నది. ఈ పండక్కి మావారి చొక్కా గుడ్డ డబ్బుల్లో కాస్త తగ్గించి ఒక డబ్బా కావిరంగు తెప్పించండి. ఇల్లు అమ్మేనాటి ధర గురించి దిగులు వద్దు. కొనేవాడికి నచ్చకపోతే గంజి రంగు వేసుకుంటాడు. అందాకా ఉండేది మనం.